బొట్టు పెట్టిన కన్ను

నేను ఒక స్కానర్‌ని. ఈ మాట నిదానంగా, విడివిడిగా పలుకుతున్నాను. ఎందుకంటే నేను మండపేటలో అడుగుపెట్టిన రోజున ఈ ఒక్క మాట సరిగా వినబడక పదకొండుమంది గర్భిణులు వరసలో నిలబడ్డారు.

జరిగింది ఇది. ఆసుపత్రి గుమ్మం ముందు ఆటోలోంచి అట్టపెట్టె దించుకుంటూ అటెండరు అప్పన్న, "స్కానరొచ్చిందండోయ్!" అని లోపలికి కేకేశాడు. అప్పన్నకి గొంతు పెద్దది, పలుకు మీద పట్టు చిన్నది. వరండా బెంచీల మీద కూర్చున్నవాళ్ళకి అది "స్కానింగొచ్చింది" అని వినబడింది. "ఇంక రాజమండ్రి ఎళ్ళక్కర్లేదంటొదినా" అని ఒకావిడ, "నీళ్ళు బాగా తాగుండాలంట" అని ఇంకొకావిడ. పావుగంటలో వరస గేటు దాకా సాగింది, కూజాలో నీళ్ళు అడుగంటాయి. చివరికి ల్యాబ్ టెక్నీషియన్ సత్యవేణి నన్ను పెట్టెలోంచి తీసి, పైకెత్తి అందరికీ చూపించింది.

"ఇది కడుపులో బిడ్డని చూసేది కాదమ్మా. సీసా మీద గీతలు చూసేది."

కడుపునిండా నీళ్ళు తాగి నిలబడ్డ పదకొండుమంది నన్ను చూసిన చూపుకి నాలోని దీపం కూడా కాస్త తగ్గినట్టనిపించింది.

వచ్చిన రోజే ఇలా జరిగితే, తర్వాత జరిగినదానికి నేను ఆశ్చర్యపోకూడదు. పోలేదు కూడా. అలసిపోయాను, అంతే. ఈ మనుషుల దగ్గర ఆశ్చర్యం తొందరగా అరిగిపోతుంది, అలసట మాత్రం అరగదు. నేను చెప్పబోయేది హైమవతి అనే అమ్మాయి ఉద్యోగం ఊడబోయిన కథ. ఊడగొట్టబోయింది నేనే. ఇంకా సరిగా చెప్పాలంటే, నా కంటి మీద పెట్టిన ఒక బొట్టు.

ముందు నా పుట్టుక. పుట్టింది పరాయిదేశంలో, ఒక పొడవాటి బల్ల మీద. చూడటానికి పిస్తోలులా ఉంటాను, మీట నొక్కితే ఎర్రగా వెలుగుతాను, ఎదురుగా బార్‌కోడ్ కనబడితే "కీచ్" అంటాను. నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. నల్లగీతలు, తెల్లసందులు. మనుషులందరికీ తలరాత ఉంటుందట. నాకు రాత లేదు, గీతే. చదవడం వచ్చు గానీ చెప్పడం రాదు. నన్ను వాడినవాళ్ళది సరిగ్గా తలకిందులు వ్యవహారం. చెప్పడం వచ్చు, చదవడం రాదు. ఎందుకన్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

నా మొదటి కాపురం కాకినాడలో ఒక సూపర్ మార్కెట్టు. నాలుగేళ్ళు సబ్బుల్నీ, సేమ్యా పొట్లాల్నీ చూసి కీచుకీచుమన్నాను. ఆ కౌంటరులో కూర్చునే కుర్చీలో తొమ్మిదిమంది మారారు. తొమ్మిదిమందిలోనూ ఒక గుణం మారలేదు. నేను ఒకసారి పలక్కపోతే మీట ఇంకా గట్టిగా నొక్కేవాళ్ళు. గట్టిగా నొక్కితే గట్టిగా చదువుతానని వాళ్ళ నమ్మకం. చెవిటివాడితో అరిచి మాట్లాడతారు చూడండి, అలాగ. ఆ కొట్టు మూతపడ్డాక కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన నన్ను తుడిచి, కొత్త అట్టపెట్టెలో పెట్టి, ఈ ఆసుపత్రికి పంపాడు. ఆసుపత్రి పేరు చెప్పను. రేపు నా మీద కేసు వేస్తే నాకు వకీలు లేడు.

ఇక్కడ నా పని గౌరవమైనది. సత్యవేణి రోగి దగ్గర రక్తం తీసి, చిన్న గాజుగొట్టంలో పోసి, దాని మీద గీతల స్టిక్కరు అంటిస్తుంది. ఆ గొట్టాన్ని నా ముందు పెట్టగానే నేను చదివి నంబరు కంప్యూటర్‌కి అందిస్తాను. ఆ నంబరున్న మనిషి పేరు తెర మీదికొస్తుంది. తర్వాత పరీక్షలో తేలిన అంకెలన్నీ ఆ పేరు కిందకే వెళతాయి. ఎవరి రక్తం ఎవరిదో తేల్చేది నేనన్నమాట. సబ్బులు చదివినవాడికి ఇది పెద్ద ఉద్యోగమే.

ఆ పేర్లు, అంకెలు నడిపే సాఫ్ట్‌వేర్ కాకినాడలో ఒక చిన్న కంపెనీ వాళ్ళది. కంపెనీ యజమాని కామేశం గారు. అందులో ఆసుపత్రుల పనంతా చూసేది హైమవతి ఒక్కతే. రాసేదీ ఆవిడే, దిద్దేదీ ఆవిడే, తిట్లు తినేదీ ఆవిడే. నేను ఆవిణ్ణి చూడక ముందే ఆ గొంతు నాకు బాగా పరిచయం. సత్యవేణి ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది మరి. రెండు చేతులకీ గ్లౌజులు ఉన్న మనిషి ఫోన్ చెవి దగ్గర ఎలా పెట్టుకుంటుంది?

ఇలా ఉండగా దసరా వచ్చింది.

ఆయుధ పూజ రోజున ల్యాబంతా కడిగారు. సత్యవేణి తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో పసుపు, కుంకుమ, బంతిపూలు పట్టుకుని వచ్చింది. మైక్రోస్కోపుకి బొట్టు పెట్టింది. రక్తం తిప్పే యంత్రానికి బొట్టు. ఫ్రిజ్‌కి బొట్టు. కంప్యూటర్‌కి, మౌసుకి, గోడకున్న స్విచ్చుల పలకకి కూడా బొట్టు. అన్నీ ఓపిగ్గా పెట్టించుకున్నాయి. ఎందుకంటే వాటన్నిటికీ నుదురున్నట్టు కనబడే చోటు ఒకటుంది. నాకు నుదురెక్కడుంది? నాకున్నదంతా కన్నే. సత్యవేణి నన్ను చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇదే దీని మొహం" అనుకుని, ముఖాన ఉన్న అద్దం మీద తడిపసుపు అద్ది, దాని మీద కుంకుమ దిద్దింది. ఎంత భక్తిగా పెట్టిందంటే, కంట్లో పెడుతున్నావమ్మా అని చెప్పడానికి నాకు నోరున్నా మొహమాటపడేవాణ్ణి.

మర్నాటికి పసుపు గట్టిపడింది. నా చూపు సగం పోయింది. సగమే, మొత్తం కాదు. అదే అందరి ప్రాణానికీ వచ్చింది. మొత్తం పోతే "స్కానర్ పోయింది" అని ఒక్క ముక్కలో తేలిపోయేది. పెద్ద స్టిక్కరైతే చదువుతున్నాను. కాస్త వంచి పెడితే చదువుతున్నాను. తిన్నగా పెడితే ఎర్రగా వెలిగి ఊరుకుంటున్నాను. పైగా సరిగ్గా ఆ పొద్దున్నే హైమవతి కాకినాడ నుంచి సాఫ్ట్‌వేర్‌కి కొత్త అప్‌డేట్ పంపింది. ఇంకేం కావాలి? నేరం దొరకలేదు గానీ నేరస్తురాలు దొరికేసింది.

మొదటి రోజు సత్యవేణి పంపిన వాట్సాప్ సందేశం ఇది: "సిస్టమ్ రావట్లేదు."

హైమవతి అడిగింది. "ఏ సిస్టమండీ? ఎక్కడికి రావట్లేదు?"

"మా సిస్టమండి. మా దగ్గరికే."

తర్వాత ఫోన్. హైమవతి ఓపిగ్గా మొదలుపెట్టింది. "అప్‌డేట్ అయ్యాకేనా అండీ?" ఫోన్ దగ్గర అప్పన్న ఉన్నాడు. "అప్పుడేటీ లేదండి, ఇప్పుడేనండి" అన్నాడు. "పోనీ ఒకసారి క్యాష్ క్లియర్ చేస్తారా?" అంది, కంప్యూటర్ దాచుకున్న పాత సరుకుని తుడిచెయ్యమని. "క్యాషంతా కింద కౌంటర్లో ఉంటాదండి, మాకివ్వరండి." ఆవిడ ఒక నిట్టూర్పు విడిచి, "సరే, టికెట్ రెయిజ్ చెయ్యండి" అంది, ఫిర్యాదు రాసి పంపమని. ఏ బస్సుకని మాత్రం అప్పన్న అడగలేదు, అడగబోతుంటే సత్యవేణి ఫోన్ లాక్కుంది.

రెండో రోజు తెర మీద ఏదో పెట్టె వచ్చింది. "ఈ నంబరు సరిగా అందలేదు, స్కానర్‌ను సరిచూసుకోండి" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం అందులో ఉంది. హైమవతి ఎప్పుడో ముందుచూపుతో రాసిపెట్టిన వాక్యం. నా తరఫున ఈ లోకంలో సాక్ష్యం చెప్పిన ఒకే ఒక్క వాక్యం. అది పూర్తిగా వెలగక ముందే సత్యవేణి ఓకే నొక్కేసింది.

"ఏమని వచ్చిందండీ?" అంది హైమవతి.

"ఏదో ఇంగ్లీషులో ఎర్రర్ వచ్చిందండి."

"ఏమని రాసుంది?"

"చదవలేదండి. ఎర్రగా ఉంది, నొక్కేశాను."

"ఈసారి వస్తే ఫోటో తీసి పంపండి, ప్లీజ్."

ఈసారి వచ్చింది. ఫోటో తీసే పని అప్పన్నకి అప్పగించారు. ఆ ఫోటో నేను చూశాను, నన్ను పక్కన పెట్టుకునే తీశాడు మరి. అందులో ట్యూబులైటు ప్రతిబింబం ఉంది. అప్పన్న బొటనవేలు ఉంది. గోడ మీద మందుల కంపెనీ క్యాలెండరు దసరా సెలవులతో సహా స్పష్టంగా ఉంది. ఎర్రర్ ఉన్న చోట మాత్రం తెల్లటి వెలుగు. ఆ రోజంతా హైమవతి ఆ వెలుగులో ఏముందో వెతికిందట.

మూడో రోజు నుంచి సందేశాలు పొట్టివయ్యాయి. "మళ్ళీ అదే." హైమవతి "అదే అంటే ఏదండీ?" అంటే, "నిన్న చెప్పిందే." నిన్న ఏం చెప్పారని అడిగితే, "అదేనండి." ఆ తర్వాత సత్యవేణి నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపింది. అందులో మూడు నిమిషాలు ఫ్యాను చప్పుడు, అరనిమిషం "చెయ్యి చాపండి, పిడికిలి బిగించండి, చీమ కుట్టినట్టుంటది" అని రోగికి ధైర్యం, మిగిలిన అరనిమిషంలో, "అదండి, కొంచెం చూడండి."

మేనేజరు పేర్రాజు గారిది వేరే పద్ధతి. ఆయన ఏం జరిగిందో చెప్పడు, ఎందుకు జరిగిందో చెబుతాడు. చేతులు వెనక్కి కట్టుకుని ల్యాబ్‌లోకి వచ్చి, నా వైపైనా చూడకుండా, "సర్వర్ డౌను. నాకు తెల్సు. మా బావమరిది బెంగుళూరులో ఇదే చేస్తాడు" అని ఫోన్‌లో హైమవతికి తీర్పు వినిపించేవాడు. సర్వర్ బాగానే ఉందండీ అంటే, "అయితే వైరసు" అనేవాడు. ఇన్ని వైరసుల్ని సీసాల్లో పట్టి పేర్లు రాసిపెట్టే ల్యాబ్‌లో నిలబడి, ఒక్క పరీక్షైనా చేయకుండా వైరసని తేల్చేసిన మనిషి ఆయనొక్కడే.

హైమవతిదీ తప్పు లేదనను. ఆవిడ అక్కడి నుంచే మా కంప్యూటర్‌లోకి దూరి చూసేది. తెర మీద బాణం దానంతటదే కదులుతుంటే అప్పన్న చెప్పులు విప్పి దూరంగా నిలబడేవాడు. ఆవిడ నంబరు టైపు చేస్తే పేరు చక్కగా వచ్చేది. ఆవిడకి నేనెక్కడ కనబడతాను? "నా దగ్గర బాగానే పనిచేస్తోందండీ" అంది ఒకరోజు. సత్యవేణికి తిక్క రేగింది.

"అయితే మీ దగ్గరే ఉంచుకోండి."

"స్కానర్ వెలుగుతోందా అండీ?" అని కూడా అడిగింది ఒకసారి. ఆ ప్రశ్నకి నా ప్రాణం లేచొచ్చింది. సత్యవేణి నా మీట నొక్కింది, ఎర్రటి వెలుగు బల్ల మీద పడింది. "దివ్యంగా వెలుగుతోందండి" అంది. వెలగడం చూడటం కాదని ఆవిడకి ఎవరు చెప్పాలి? "పోనీ, మీరు ఈమధ్య ఏమైనా మార్చారా? దేన్నైనా కదిపారా?" అనడిగితే, "ఏమీ మార్చలేదండి. ఏమీ చెయ్యలేదు" అంది. అబద్ధం కాదు. నా తల్లి సత్యవేణి అబద్ధమాడదు. పూజ అనేది యంత్రానికి చేసిన పని కాదు, దేవుడికి చేసుకున్నది. చేసిన పనుల లెక్కలోకి అది ఆవిడ మనసులో రానే రాలేదు.

పని ఆగకూడదని సత్యవేణి ఒక ఉపాయం పట్టింది. నేను పలకనప్పుడు స్టిక్కరు మీద నంబరు చూసి చేత్తో కొట్టేయడం. ఈ సంగతి కూడా ఎవరికీ చెప్పలేదు. పన్నెండో రోజున ఆ చెయ్యి తడబడింది. రెండు అంకెలు అటూ ఇటూ అయ్యాయి. వెంకటరత్నం గారని, రిటైరైన పోస్ట్‌మాస్టరు, మనిషి గునపంలా ఉంటాడు, ఆయన పేరు కింద ఇంకెవరిదో షుగర్ అంకె పడింది. ఆయన మూడు రోజులు కాఫీలో చక్కెర మానేసి, మనవరాలి పుట్టినరోజున తెచ్చిన పూతరేకుల డబ్బాకి వీపు తిప్పి కూర్చుని, ఊళ్ళో అందరికీ వీడ్కోలు చెప్పినట్టు మాట్లాడాడట. ఆ అంకె అసలు యజమానురాలు తన రిపోర్టు రాలేదని వచ్చి అడిగితే, డాక్టరు గారికి అనుమానం వచ్చి, ఇద్దరి రక్తమూ మళ్ళీ తీయించారు.

అంతే. "సాఫ్ట్‌వేర్ రిపోర్టులు మార్చేస్తోంది" అన్నాడు పేర్రాజు గారు. ఫోన్ తీసి, మా బల్ల దగ్గరే నిలబడి, కామేశం గారికి చేశాడు. స్పీకర్‌లో ఆయన గొంతు వినబడింది. ఈ ఆసుపత్రి ఆయన చేతిలోంచి పోతే పక్క ఆసుపత్రులూ పోతాయి. "శనివారం లోపు తేల్చకపోతే ఆ అమ్మాయిని తీసేస్తానండి. వేరే మనిషిని పెడతాను. మీరు మాత్రం మమ్మల్ని వదలకండి" అన్నాడు.

ఆ మాట సత్యవేణి వింది. గ్లౌజు సగం తొడిగిన చెయ్యి అలాగే ఆగిపోయింది. "అయ్యో, ఆ పిల్లనా?" అంది, ఎవరితోనూ కాదు.

శనివారం పొద్దున్నే హైమవతి బస్సెక్కి వచ్చింది.

పదహారు రోజులుగా విన్న గొంతుకి ఆ రోజు ముఖం చూశాను, సగం కంటితోనే అయినా. పాతికేళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. భుజానికి సంచి, చేతిలో విప్పని ఇడ్లీ పొట్లం. పేర్రాజు గారు ఎదురెళ్ళి సర్వర్ గురించి బావమరిది చెప్పిన తాజా సంగతులు వినిపించబోయాడు. "ఒక్క గంట నన్నిక్కడ కూర్చోనివ్వండి సార్. నేనేమీ ముట్టుకోను" అంది ఆవిడ. స్టూలు లాక్కుని సత్యవేణి పక్కన కూర్చుంది. "మీ పని మీరు రోజూ ఎలా చేస్తారో అలాగే చేసుకోండి. నేను లేననుకోండి."

లేదనుకోవడం సత్యవేణికి చేతకాలేదు. ముఖం చూడలేక ఎదురుగా ఉన్న రోగి మీద పడింది. ఆ రోగి ఒక రైతు. "ఏంటి ఇబ్బంది?" అంటే, "ఒంట్లో అదోలా ఉందండి" అన్నాడు.

"అదోలా అంటే కాగితం మీద ఎలా రాయనండి? ఎప్పట్నించి? తిన్నాకా, తినకముందా? అంతకు ముందు రోజు ఏం చేశారు? ఉన్నదున్నట్టు చెప్తేనే కదండి డాక్టరు గారికి తెలిసేది!"

హైమవతి తల వంచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నా సగం కంటికి తెలియలేదు. రెండూ అనుకుంటాను. కాసేపటికి తలెత్తి మెల్లగా అంది. "సత్యవేణి గారూ, నన్ను కూడా మిమ్మల్ని ఇలాగే అడగనిస్తారా?"

సత్యవేణి మొదటిసారి ఆ పిల్ల ముఖం కేసి తిన్నగా చూసింది. "అడగమ్మా" అంది.

"మాటలొద్దు. చేసి చూపించండి."

సత్యవేణి రైతు రక్తం తీసింది. స్టిక్కరు అంటించింది. నన్నెత్తి మీట నొక్కింది. నేను వెలిగాను, పలకలేదు. స్టిక్కరుని కొంగుతో తుడిచింది. మళ్ళీ నొక్కింది. పలకలేదు. వంచింది, అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఆ తర్వాత, తనకే తెలియనంత అలవాటుగా, నన్ను పక్కన పెట్టి నంబరు టకటకా కొట్టేసింది.

"ఇదేంటండీ?" అంది హైమవతి, స్టూలు మీద నుంచి లేచి.

"ఏది?"

"టైపు చేశారు కదా, నంబరు."

"అదా. సీసా పలక్కపోతే కొడతానండి. అదేముంది?"

"ఎప్పట్నించి పలకట్లేదు?"

"దసరా మర్నాటి నుంచి."

"దసరా రోజు ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదమ్మా. సెలవు కదా. పొద్దున్నే వచ్చి పూజ చేసుకుని వెళ్ళిపోయాం."

"పూజ దేనికి చేశారు?"

"అన్నిటికీను."

హైమవతి చెయ్యి నా మీద పడింది. నన్ను తిప్పి, నా ముఖాన్ని తన ముఖానికెదురుగా పెట్టుకుంది. ఇన్నేళ్ళలో నన్ను వాడినవాళ్ళు చాలామంది. నన్ను చూసింది ఆవిడొక్కతే. బాగా ఎండి, పగుళ్ళిచ్చి, అంచుల్లో పసుపుతో, నా కన్ను నడిమధ్యన ఉంది ఆ బొట్టు.

సత్యవేణికీ అప్పుడే కనబడింది. ఆవిడ చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. "నేనే పెట్టాను" అంది, గాలి అంత సన్నగా.

హైమవతి ఇంజక్షనుకి ముందు రాసే స్పిరిట్ దూది తీసుకుని నా కన్ను తుడిచింది. చల్లగా తగిలేసరికి నాకూ సూది పొడుస్తారేమోనని ఒక క్షణం బెదిరాను. దూది ఎర్రబడింది. రైతు గొట్టాన్ని నా ముందు పెట్టింది. కీచ్. మరో గొట్టం. కీచ్. ట్రేలో ఉన్నవన్నీ వరసగా, తిన్నగా, వంకరగా, తలకిందులుగా. కీచ్, కీచ్, కీచ్. పదహారు రోజుల మాటలన్నీ ఒక్కసారి మాట్లాడేశాను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ పేర్రాజు గారు అప్పుడే లోపలికి వచ్చాడు, చేతిలో ఫోను, స్పీకర్‌లో కామేశం గారు. వెనకే డాక్టరు గారు. రెండోసారి రక్తం రిపోర్టు కోసం వచ్చిన వెంకటరత్నం గారు గుమ్మంలో. అందరి వెనకా అప్పన్న.

"హైమా, తేలిందా?" అంది ఫోను.

హైమవతి సత్యవేణి కేసి చూసింది. సత్యవేణి ముఖంలో రక్తం చుక్క లేదు. అంతమంది రక్తం తీసిన మనిషి. పేరు చెబితే బొట్టు పెట్టిందీ ఆవిడే, అంకెలు తారుమారు చేసిందీ ఆవిడే అవుతుంది. పేర్రాజు గారు అక్కడే ఉన్నాడు.

"బాగైంది సార్" అంది హైమవతి.

"బాగైందంటే? ఏమైంది అసలు?"

"ఏదో చిన్నది సార్. ఇప్పుడు పనిచేస్తోంది."

నాకు తల తిరిగింది. పదహారు రోజులు ఏ మాటలతో ఆ పిల్ల ప్రాణం తోడారో, ఆ మాటలే ఆ పిల్ల నోటి నుంచి వస్తున్నాయి.

"ఏదో చిన్నదేంటి? రిపోర్టులు మారాయంటే చిన్నదా? కారణం నీకే తెలీదన్నమాట. రేపు మళ్ళీ వస్తే? నీతో కాదమ్మా ఇది. సోమవారం వచ్చి నీ సామాను..."

"ఒక్క నిమిషమండి."

సత్యవేణి గ్లౌజులు విప్పి ట్రేలో పెట్టింది. పేర్రాజు గారి చేతిలోంచి ఫోను తీసుకుంది.

"నేను ల్యాబ్ సత్యవేణినండి. చెప్తాను, వినండి. దసరా రోజు పొద్దున్న పూజలో స్కానర్ అద్దం మీద నేను పసుపూ కుంకుమా పెట్టాను. తుడవలేదు. మర్నాటి నుంచి చిన్న స్టిక్కర్లు చదవట్లేదు. పెద్దవి చదువుతోంది, వంచి పెడితే చదువుతోంది. చదవనప్పుడు నేను నంబరు చేత్తో కొట్టాను. పన్నెండో రోజున రెండంకెలు తిరగేసి కొట్టాను, అందుకే వెంకటరత్నం గారికి వేరేవాళ్ళ షుగర్ పడింది. మీ సాఫ్ట్‌వేర్ రిపోర్టులు మార్చలేదు, నేను మార్చాను. స్కానర్ చూసుకోమని తెర మీద వచ్చింది, చదవకుండా నొక్కేశాను. ఇవాళ ఈ అమ్మాయి వచ్చి అద్దం తుడిచింది. తుడిచాక పద్నాలుగు సీసాలు పెట్టాం, పద్నాలుగూ చదివింది." ఊపిరి పీల్చుకుంది. "పనిచేయట్లేదని రోజూ చెప్పామండి. మేమేం పనిచేశామో మాత్రం ఒక్కరోజు కూడా చెప్పలేదు."

పేర్రాజు గారు సర్వర్ అనబోయి, నా కేసి చూసి, మీసం సర్దుకున్నాడు. డాక్టరు గారు ఎర్రబడిన దూదిని పట్టకారుతో ఎత్తి, వెలుతురులో పెట్టి, ఎవరికీ రాని జబ్బుని చూసినట్టు చూశారు. అప్పన్న, "అంటే కంటికి బొట్టెట్టేశారన్నమాట" అని గుమ్మం అవతలివాళ్ళకి కూడా అర్థమయ్యేలా గట్టిగా చెప్పాడు.

"మరి నాకు షుగర్?" అన్నాడు వెంకటరత్నం గారు.

"మీకు లేదండి. ఉన్నది నాకు, బుద్ధిలేనితనం" అంది సత్యవేణి.

"ఆయ్! అయితే ఆ పూతరేకులు అయిపోయి ఉంటాయమ్మా" అన్నాడాయన, అన్యాయమంతా అక్కడే జరిగినట్టు.

ఫోను గొంతు సవరించుకుంది. "సత్యవేణి గారూ, ఇప్పుడు చెప్పారే, అది అలాగే రాసి పంపగలరా? మా దగ్గర పెట్టుకుంటాం. హైమా, నువ్వు భోజనం చేసి నిదానంగా రామ్మా. సోమవారం మనం కూర్చుని మాట్లాడుకుందాం. సామాను సంగతి కాదు."

సత్యవేణి వాట్సాప్ తెరిచి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది. ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది. పావుగంట పట్టింది. పంపింది. పక్క స్టూలు మీద హైమవతి ఫోను మోగింది. ఆవిడ ఇడ్లీ పొట్లం విప్పుతూ ఆ సందేశాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది.

ఎదురు ప్రశ్న వేయలేదు.